వివరం చెప్పని జపం

తిరుత్తణి

చిరంజీవి యశశ్వినికి, అవ్వ దీవెనలు.

బిషప్పు చేత నుదుటికి తైలం పూయించుకొని భద్రమైన అభ్యంగనం తీసుకోనని నేరుగా ఫాదర్‌తోనే చెప్పినావంట. మీ అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. "జపం చేస్తే నాకేమీ అనిపించదు, బిషప్పు ముందర నిలబడి నమ్ముతాను అని అబద్ధం ఎట్ల చెప్పేది?" అన్నావంట. పదహారేళ్ళకే నిజం చెప్పే రోగం నీకు మా వైపు నుంచి వచ్చింది కాదు.

ఈ ఊరి పిల్లలకంతా సత్యోపదేశం చెప్పి బిషప్పు ముందర నిలబెట్టినదాన్ని. సొంత మనవరాలు జారిపోతే నా మొహం యాడ పెట్టుకునేది? అందుకే ఉత్తరం. ఫోన్‌లో అయితే "ఊఁ" అని తప్పించుకుంటావు.

ఇట్లు, నీ మేలు కోరే
ఆరోగ్యమేరి, బి.ఎ., బి.ఎడ్.

తా.క.: ఈ వారం అన్బియం, అదే మా వీధి జపకూటం, మా ఇంట్లోనే. వీధి ఆడవాళ్ళంతా జపమాలకు కూర్చున్నప్పుడు లేచి, "మా యశశ్విని కోసం వేడుకోండి" అని మాత్రం అన్నాను. వివరం చెప్పలేదు. చెప్పకపోవడమే మర్యాద.

*

తిరువళ్ళూరు

అవ్వకు, మనవరాలు రాసేది. తప్పులుంటే ఎర్ర ఇంకుతో దిద్ది తిప్పి పంపొద్దు.

నువ్వు వివరం చెప్పలేదు, సరే. వివరం వాళ్ళే కల్పించుకున్నారు. నిన్న పళ్ళిపట్టు నుంచి ఇద్దరు ఆంటీలు బస్సెక్కి వచ్చినారు. నా తలమీద చేతులు పెట్టి, "ఆ తిరువాలంగాడు పిల్లోణ్ణి మరిచిపోయే బలం ఈ బిడ్డకు ఇవ్వు సామీ" అని వేడుకున్నారు. అమ్మ నన్ను చూసింది. నేను ఆంటీలను చూసినాను. ఆ పిల్లోడి పేరు పార్థిబన్ అంట, స్టేషన్ దగ్గర సెల్‌ఫోన్ అంగడంట. నా ఫోన్ ఇప్పుడు అమ్మ బీరువాలో ఉంది.

నీ యశశ్విని

తా.క.: నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. ఏమీ అనిపించకపోతే ఎట్ల నమ్మేది? నాకు అదే కావాల.

*

తిరుత్తణి

యశశ్వినికి, తలవంచుకొని అవ్వ రాసేది.

తప్పు దిద్దుదామని ఈసారి అన్బియంలో మళ్ళా లేచినాను. "పార్థిబన్ ఎవరో మాకు తెలీదు, మా పిల్ల బంగారం" అన్నాను. టైలర్ సెల్వి నా చెయ్యి పట్టుకొని, "అక్కా, మా దగ్గర కూడా దాచాల్నా?" అనింది. నేను ఎంత కాదంటే అంత నిజమైపోయింది. నీకు రిజిస్టర్ ఆఫీసులో పెళ్ళయిపోయిందని పూండి దాకా తెలుసు. ఒకామె వంకాయలు ఇచ్చిపోయింది, దుఃఖంలో అంగడికి పోలేనని.

క్లాసు మొత్తాన్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టినదాన్ని, వీధి ఆడవాళ్ళ నోరు మూయించలేకపోయినాను. ఎట్ల మూయించేది? లేచి గట్టిగా వేడుకోవడం వాళ్ళకు నేర్పించిందే నేను.

ఇట్లు, నీ అవ్వ (డిగ్రీలు ఈసారి వద్దు)

తా.క.: నీ ప్రశ్నకు జవాబు రాయాలని కూర్చున్నాను. క్లాసులో చెప్పే జవాబే వచ్చింది. చింపేసినాను.

*

తిరువళ్ళూరు

అవ్వకు, పెళ్ళికూతురు రాసేది.

ట్యూషన్‌లో నివేద నాకు గిఫ్ట్ ఏం కావాల అని అడిగింది. అందుకని శనివారం యూత్ జపంలో నేనూ లేచినాను. "మా అవ్వ కోసం వేడుకోండి" అన్నాను. వివరం చెప్పలేదు.

యశశ్విని

తా.క.: నివేద వాళ్ళ అవ్వ ఉండేది మీ తిరుత్తణిలోనే.

*

తిరుత్తణి, మంచం మీద నుంచి

పెళ్ళికూతురికి,

గెలిచినావు. నేను గ్రైండర్‌లో ఇడ్లీపిండి తోస్తా ఉంటే మా ఫాదర్ వచ్చినారు, తైలం బుడ్డీతో. చావు దగ్గరపడినవాళ్ళకు పూసే తైలం. వెనక వీధంతా కొవ్వొత్తులతో. "నాకేం కాలేదు ఫాదర్" అన్నాను. "అందరూ అట్లే అంటారమ్మా. ఎట్లయినా మీ వయసుకు పూయొచ్చు" అన్నారు. సెల్వి నన్ను పట్టి పడుకోబెట్టింది. పిండి చేతులతోనే పూయించుకున్నాను. బిషప్పు నీ నుదుటికి పూస్తారని నేను కాచుకొని ఉంటే, ముందు నాకు అయిపోయింది.

పడుకొని నోరు మూసుకున్నాను. అలవాటు లేని పని. అంతమంది నాకోసం వేడుకుంటా ఉంటే ఏమైనా అనిపిస్తుందేమోనని చూసినాను. గ్రైండర్ ఆపినానా లేదా అనిపించింది. అంతే. బతుకంతా జపమాలలో నాకు అనిపించినవన్నీ అట్లాంటివే. పొయ్యిమీది పాలు, ముందు వరసలో ఆమె కట్టిన చీర. అయినా లేచిపోదామని ఏనాడూ అనిపించలేదు. ఆ కూర్చోవడమే నమ్మకమేమో. పుస్తకంలో లేదని పిల్లలకు నేనిది చెప్పలేదు. నువ్వు అబద్ధం చెప్పొద్దు. కూర్చోగలవా లేదా, అది చూసుకో.

ఇట్లు, ఇంకా ఉన్న అవ్వ

తా.క.: గ్రైండర్ ఆపలేదు. మర్నాడు ఇడ్లీలు రాళ్ళయినాయి. మళ్ళా చూడను వచ్చిన ఫాదర్‌కు అవే పెట్టినాను.

*

తిరువళ్ళూరు

అవ్వకు,

ఆదివారం చర్చిలో వెనక బెంచీలో పూజ అయ్యేదాకా కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు. ఫ్యాన్ కిర్రుమంటా ఉంది. లేచి రాబుద్ధి మాత్రం కాలేదు. ఫాదర్ దగ్గరికి పోయి, "నా దగ్గర ఇంతే ఉంది, సరిపోతుందా?" అన్నాను. నోటుబుక్కు తీసి నా పేరు రాసుకున్నారు. బిషప్పు ముందర నా భుజం మీద చెయ్యిపెట్టి నిలబడే జ్ఞానతల్లి ఎవరని అడిగినారు. నీ పేరు చెప్పినాను.

నీ యశశ్విని

తా.క.: ఫాదర్ పెన్ను ఆపి, "పాపం, ఆమె ఆత్మశాంతికి పోయిన వారమే పూజ చెప్పినామే" అన్నారు. బిరాన వచ్చి మొహం చూపించు. వివరం నువ్వే చెప్పుకో.