అమ్మోరికి మొదటి పేజీ

మంగళవారం రాత్రి, హుకుంపేట

మా సుకాంతి రెండో పుస్తకం అచ్చయి వచ్చింది! మొదటిది మా కొండల చరిత్ర. ఇది పిల్లల కోసం రాసిన పాతకాలపు మాయల కథ. ఇందులో మా ఊరి అమ్మోరు చిన్నపిల్లగా నడిచి వస్తుందట. అట్ట మీద నా బిడ్డ పేరు ఎన్నిసార్లు నిమిరానో!

"సదివేవా నాన్నా?" అని ఫోన్‌లో అడిగింది.

"కొత్త పంట అమ్మోరికి పెట్టకుండా నోట్లో ఏసుకుంతామేటే గుంటా? ఇదీ అంతే," అన్నాను.

పూజ చేసే దిశారి మాత్రం సందేహించాడు. "అమ్మోర్ని గుంటని సేసీసింది. ఆయమ్మకి కోపమొత్తే?"

"ఆయమ్మనే ఇననీ, ఇని సెప్పనీ," అన్నాను.

దిశారి నవ్వేశాడు. "అయితే రేపు పండక్కి కొత్త సామలతో పాటు అట్టుకురా. మొదటి పేజీ నువ్వే సదవాల."

నేను చదివింది అయిదో తరగతి. ఊరందరి ముందు తడబడితే బిడ్డ పరువు ఏం కాను... ఇప్పుడే ఒకసారి చూసుకుందామంటే పుస్తకం ఎంగిలి అయిపోతుంది. తెరవను. రేపు వేలు పెట్టి కూడబలుక్కునైనా సరే, అమ్మోరికి వినపడేలా చదువుతాను.