నేను ఏ వారం పుట్టాను?

కేంబ్రిడ్జ్, ఒంటారియో
ఫిబ్రవరి 2023

అమ్మమ్మకు ప్రసూన నమస్కారాలు. ఫోనులో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను.

మంచు మీద జారిపడ్డానని మామయ్య చెప్పే ఉంటాడు. కంగారు పడకు, ఎముక విరగలేదు, కుడి మణికట్టు బెణికింది. ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. నా గదిలో ఉండే ఘానా అమ్మాయి అన్నం వండి పెడుతోంది, జడ కూడా వేస్తోంది. తన పేరు యా. వాళ్లలో గురువారం పుట్టిన ఆడపిల్లకు ఆ పేరే పెడతారట. ఆ పేరున్న ఒక రాణి కథ కూడా చెప్పింది. నూట ఇరవై ఏళ్ల కిందట ఇంగ్లీషు గవర్నరు వాళ్ల బంగారు పీట మీద కూర్చుంటానన్నాడట. అది ఎంత పవిత్రమంటే, వాళ్ల రాజు కూడా దాని మీద కూర్చోడట. మగవాళ్లు కొందరు వెనకాడితే యా అసంతేవా అనే రాణి, పెద్దావిడ, ముందుండి యుద్ధం నడిపిందట.

నిన్న జడ వేస్తూ, "నువ్వు ఏ వారం పుట్టావు?" అని అడిగింది.

తెలియదన్నాను. సర్టిఫికెట్‌లో ఉన్నది బడిలో చేర్చేటప్పుడు మామయ్య వేయించిన తేదీ అని చెప్పాను.

"మీ అమ్మని అడగొచ్చుగా?"

నన్ను కన్న రోజే అమ్మ పోయిందన్నాను. తను జడ చివర ముడి వేసింది. తర్వాత, "అయినా ఆ వారం నీదే. ఇంట్లో పెద్దవాళ్లని అడుగు" అంది.

నీ కంటి ఆపరేషన్ ఎప్పుడన్నారు? చుక్కల మందు మానకు. పచ్చళ్లు ఇప్పుడే పంపొద్దు, ఇంకా ఉన్నాయి. మామయ్యకు, అత్తయ్యకు నమస్కారాలు.

నీకు బాధ కలుగుతుందని ఇన్నాళ్లూ అడగలేదు. అది ఏ వారమో రాయి. అమ్మ నన్ను ఒక్కసారైనా చూసిందా, అది కూడా రాయి.

నీ ప్రసూన