మొదటి లైన్లో ఉన్న పేరు

శుక్రవారం, అల్ ఖౌద్

మా షాపుకొచ్చే పీటర్ సార్ వెబ్‌సైట్ ఈరోజు మొదలైంది. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో తన ఇంటి గ్యారేజీలో నడిపిన కంపెనీ చరిత్ర అది. ఇళ్లలో వాడే చిన్న కంప్యూటర్లకు క్యాసెట్ల మీద గేములు అమ్మేవారట. ఆ పాడైన క్యాసెట్లను బతికించింది నేను. ఆరు నెలలు, ఇక్కడ గల్ఫ్‌లో నేను పనిచేసే రిపేరు షాపు సెలవు రోజుల్లో, టేప్ రికార్డర్ స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ, టేపు మీద గేము దాగి ఉండే ఆ కీచు శబ్దం శుభ్రంగా వినిపించేదాకా చెవి ఒగ్గి కూర్చున్నాను.

రూమ్‌లో మల్లేశ్ పేజీ మొత్తం చూసి, "గింత చేసినవ్ గదా అన్నా, నీ పేరేది ఇండ్ల?" అన్నాడు.

లేదు. అంతా పీటర్ సారే చేసినట్టు ఉంది. ఫోన్ చేశాను.

"నువ్వు సాయం చేశావు, కాదనను. నీ పేరు లేకపోతే సైటేమీ ఆగిపోదు కదా," అన్నాడు నవ్వుతూ.

ఈ మాట ఆయన నోట ముందే విన్నాను. క్యాసెట్లు బాగుచేస్తున్న రోజుల్లో, తానే రాశానని ఆయన చెప్పుకున్న గేము తెరిస్తే, ప్రోగ్రామ్ మొదటి లైన్లో "రాసింది మార్గరెట్" అని ఉంది. ఎవరని అడిగాను.

"పక్కింటమ్మాయి, సాయం చేసేది. ఆ లైను తీసెయ్. అది లేకపోతే గేమేమీ ఆగిపోదు."

కంప్యూటర్లోకి ఎక్కించిన కాపీలోంచి తీసేశాను. ఇంకో మాట అడగలేదు.

ఇప్పుడు ఆయన మీద పళ్లు కొరుకుతున్నాను గానీ, డిలీట్ నొక్కిన వేలు నాదే. మార్గరెట్ పేరిక ఆ పాత క్యాసెట్లో ఒక్కచోటే మిగిలింది. అది నా దగ్గరే ఉంది. రేపు పొద్దున తీసుకెళ్లడానికి వస్తానన్నాడు.