తలగుడ్డ కట్టిన ఫోటో

శ్రావణ శనివారం, కడప

నా కొడుకు ఓబులేసు పోయి మూడు నెల్లు. వాని మొగం చూసుకోను ఇంట్లో ఒక ఫోటో గూడా లేదు. డ్రైవర్ లైసెన్సుకు వాన్ని ఫోటో తీసిన ఖాదర్ సాబు కాడికి ఈ పొద్దు పోయినా.

"ఆఫీసుకిచ్చిన ఫోటోది నా కాడ లేదమ్మా. తలగుడ్డ ఉండాదని వాళ్లు వద్దన్న ఫోటోది అచ్చు తీసే గాజుపలక ఉండాది," అన్యాడు.

ఆ తలగుడ్డ నేనే కట్టి పంపినా. "నీ వల్ల మళ్లీ పోవాల్సొచ్చెమ్మా" అని వాడు ఎంత తిట్టినాడో.

సాబు ఎర్రదీపం గదిలోకి పిల్చి, ఆ పలక కింద పెట్టి వెలుగు చూపిన తెల్లకాగితాన్ని మందునీళ్లలో వేసినాడు. చూస్తాండంగానే కండ్లు వచ్చె, మీసాలు వచ్చె, కడాకు తలగుడ్డ మడతలు వచ్చె. కన్నప్పుడు గూడా వాడు వచ్చేది నేను ఇట్ల చూడలా.

"ఆరేదాకా ముట్టుకోవద్దమ్మా," అన్యాడు.

చేతులు ఒళ్లో పెట్టుకోని కూచుంటి. ఫోటోలో తలగుడ్డ ఒక పక్కకు వంకరపోయింది. సరిచేద్దామని చెయ్యి ఊరికే లేస్తాండె.