రెండో సబ్‌వూఫర్‌కి చోటు

ఆదివారం, 14 మార్చి 2004

రొయ్యల పంట డబ్బుతో అన్నయ్య కొన్న రెండో సబ్‌వూఫర్, అదే బేస్ పలికే స్పీకర్ పెట్టె, ఈ రోజు ఇంటికి వచ్చింది. ఒక్కదానితో హాల్లో మూలన చెవులు అదిరిపోయేవి, సోఫాలో కూర్చుంటే బేస్ వినిపించేదే కాదు. తప్పు పెట్టెది కాదని, గోడల మధ్య శబ్దం ఒకచోట పోగై ఇంకోచోట చచ్చిపోతోందని, ఎదురుగా ఇంకోటి పెడితే సర్దుకుంటుందని కాలేజీలో చదివిన ఫిజిక్స్‌తో చెప్పింది నేనే.

పెట్టెను అన్ని చోట్లకూ జరిపి విన్నాం. ఎదురు గోడ మధ్యలో పెట్టగానే, ఎక్కడ కూర్చున్నా బేస్ ఒకేలా నిండుగా వచ్చింది. అది నా చదువు బల్ల ఉండే చోటు.

"బల్ల వసారాలో వేసుకోవే. గాలి కూడా తగుల్తుంది," అన్నాడు అన్నయ్య.

"అక్కడ మేత బస్తాలున్నాయి కదన్నయ్యా. వచ్చే వారమే ఫైనల్ పరీక్షలు."

"చోటు చెప్పింది నువ్వే కదే."

నాన్న సోఫాలో కళ్లు మూసుకుని వింటున్నారు. "మనింట్లో కాలేజీ మెట్లెక్కింది నువ్వొక్కదానివే. ఇన్నాళ్లకి నీ చదువు పనికొచ్చిందమ్మా," అన్నారు. వెటకారం కాదు, నిజంగానే మెచ్చుకున్నారు. అందుకే బల్ల మీది పుస్తకాలు తీయడం మొదలుపెట్టాను.

ఇప్పుడు వసారాలో రొయ్యల మేత కంపు మధ్య కూర్చుని రాస్తున్నాను. బేస్ గోడ దాటి వస్తోంది, బల్ల సన్నగా అదురుతోంది. రెండోది ఇంకో మూలన పెట్టినా చాలని నేను ఒక్క మాట అని ఉంటే ఇద్దరూ నమ్మేవారు. ఆ అబద్ధం అప్పుడు నాకు తోచనే లేదు...