కరెంటు ఉన్నట్టు రాసిన ఊరు

దుమ్ముగూడెం
12-6-1991

పూల్‌సింగ్ అన్నకు,

నా జ్వరం తగ్గింది, అమ్మను దిగులు పడొద్దను.

కరెంటు లేని ఊళ్ల ఆరోగ్య ఉపకేంద్రాలకు సర్కారు సబ్సిడీ మీద సోలారు దీపాలిస్తోందని, నేను నర్సుగా ఉన్న గూడేనికీ ఒకటి కావాలని అర్జీ పెట్టాను కదా. నిన్న విచారణకు ఆఫీసరు వచ్చాడు. జీపు దిగకుండానే, "మీ ఊరికి కరెంటున్నట్టు లిస్టుల ఉన్నదమ్మా, రూలు ఒప్పుకోదు" అన్నాడు. మా ముసలి మంత్రసాని కన్నమ్మ జీపుకు అడ్డం నిలబడింది. "స్తంభాలు పాతి మూడేండ్లాయె సారూ. తీగ ఏడున్నదో జర చూపియ్యి. చూపిస్తే మాకు దీపమే వద్దు" అంది. ఆయన దిగి, ఆమె వెంట చివరి స్తంభం దాకా నడిచాడు. తిరిగొచ్చి, 'తీగలు లేవు' అని రాసి సంతకం చేశాడు. "నెలాఖరు లోపల ఖమ్మంల మా ఆఫీసుల ఇయ్యాలె. తప్పితే ఈ ఏడు రాదు" అని కాగితం నా చేతికిచ్చాడు.

దాన్ని దస్రు బావ చేత పంపుతున్నాను. నువ్వే స్వయంగా పోయి ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకో. ఈ నెలలో ఇద్దరికి తొలి కాన్పులున్నాయి, నేను కదల్లేను. జల్దీ పో అన్నా.

వదిన దగ్గు తగ్గిందా? ఖానాపురంలో ఇల్లు కిరాయికి దొరికిందా? కమ్లిని బడి మాన్పించకండి. అందరికీ నమస్కారాలు.

అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఈ కింది మాట వదిలెయ్యి. పోయిన నెల కాన్పు మధ్యలో కిరోసిన్ దీపం ఆరిపోయింది. బిడ్డ దక్కాడు గాని, అప్పటి నుంచి కాన్పుకు రెండు దీపాలు వెలిగించి పెట్టుకుంటున్నాను.

నీ చెల్లె,
గోరి