యూదుల కోసం నీ ప్రార్థన

నాన్నా,

నువ్వు పోయి రేపటికి రెండేళ్లు. ఈ ఉత్తరం నీకు చేరదు, అయినా ఈ కబురు నీకు చెప్పకుండా ఉండలేను. యూదులకు సొంత దేశం వచ్చింది.

ఆదివారం మన పటమట చర్చిలో సంఘపెద్ద జకర్యాగారు పేపరు పైకెత్తి చూపించి, "యూదులు తమ దేశానికి తిరిగొస్తారన్న ప్రవచనం నెరవేరిందండీ. ప్రభువు రాకడ ఇక దగ్గరలోనే ఉంది" అన్నారు. కళ్లు కూడా తుడుచుకున్నారు. నాకు ఆ కన్నీళ్ల మీద నమ్మకం కుదరలేదు.

ఎవరైనా ప్రార్థన సాగదీస్తే పాట ఎత్తుకుని ఆపడం మనవాళ్లకు అలవాటే. కానీ యుద్ధం చివర్లో, యూదులను కుప్పలుగా చంపారని తెలిసి నువ్వు వాళ్ల కోసం మొరపెట్టుకుంటుంటే, నీ ప్రార్థన ఇంకా మొదట్లో ఉండగానే ఈయన పాట ఎత్తుకున్నారు. బయటికొచ్చాక, "ప్రభువును సిలువ వేయించిన జనం కదండీ, అనుభవించాల్సిందే" అన్నారు.

ఇప్పుడు ఈయన ప్రేమ ఆ జనం మీదా, రాకడ మీదా? తేల్చుకుందామని ప్రార్థన వేళ నేను లేచాను. "ప్రభువా, చనిపోయిన ఆ యూదు తల్లుల బిడ్డలను ఓదార్చు" అన్నాను. ఆ రోజు నీ ప్రార్థనలోని మాటే అది.

రెండో మాట నోట్లో ఉండగానే జకర్యాగారి గొంతు లేచింది. సంఘమంతా అందుకుంది.

అదే పాట, నాన్నా.